పావుగంట పరామర్శ

పాస్టరుగారి వీడ్కోలు సభలో మాట్లాడిన ప్రతివాళ్ళూ ఆయన ఇక విశ్రాంతి తీసుకోవాలన్నారు. అంటూనే ఒక్కొక్కరూ అరగంట తగ్గకుండా మాట్లాడి, డెబ్భై దాటిన మనిషిని పొద్దుగూకే దాకా గట్టి కుర్చీలో కూలేశారు. ఆఖర్న సంఘమంతా తలా ఇంత వేసుకుని కొన్న వాలుకుర్చీని నలుగురు మోసుకొచ్చి వేదిక మీద పెట్టారు. ఆయన కూర్చుని వెనక్కి వాలగానే కాళ్ళు పైకి లేచాయి. అందరూ పగలబడి నవ్వి చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో కూర్చున్న అమ్మగారు కూడా కొట్టింది. పాస్టరుగారి భార్య కాబట్టి ఆవిడ ఊరందరికీ అమ్మగారు. కడుపున మాత్రం ఎవరూ పుట్టలేదు. వయసులో ఉన్నప్పుడు ఆ సంగతి తలుచుకుని ఎప్పుడైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "సంఘమంతా మన పిల్లలేనోయ్" అని ఆయన ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. ఆ పిల్లల మంచీచెడ్డా చూడటం ఆయన వంతు, వాళ్ళొచ్చినప్పుడల్లా టీలు కాచి కప్పులు కడగటం ఈవిడ వంతు. ఇన్నేళ్ళలో ఆ పిల్లల్లో ఒక్కరైనా వంటింటి గడప దాటి వచ్చి, నీ ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగిన పాపాన పోలేదు.

అయినా ఆ సాయంత్రం ఆవిడకి ఎవరి మీదా కోపం లేదు. ఇక మనిషి ఇంటిపట్టున ఉంటాడు. తనకి చూపున్న ఎడమకంటితో వేదిక మీది మొగుణ్ణి చూసుకుని మురిసిపోయింది. కుడికన్ను పోయి అప్పటికి నాలుగేళ్ళు.

ఆ కన్ను పోయిన వైనం చెప్పాలి. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి లోపల నరం ఎండిపోతోందనీ, ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. ఆపరేషనుకి రోజు పెట్టుకోవడమూ, ఆ రోజుకి ఎవరిదో పెళ్ళో చావో అడ్డం రావడమూ మామూలైపోయింది. ఒకసారైతే ఇద్దరూ కార్లో బయల్దేరి సగం దూరం వెళ్ళారు కూడా. సంఘ పెద్దల్లో ఒకాయన ఫోన్ చేసి, మా అమ్మ ఇవాళో రేపో అన్నట్టుంది అయ్యగారూ, అన్నాడు. ఆయన మారుమాట లేకుండా కారు వెనక్కి తిప్పాడు. ఆ ముసలావిడకి అప్పటికే తొంభై దాటాయి. అయ్యగారి ప్రార్థన చలవో ఏమో, లేచి కూర్చుని ఇంకో మూడేళ్ళు నిక్షేపంగా బతికింది. ఈలోగా అమ్మగారి కుడికన్ను ఆరిపోయింది. దాన్ని గురించి ఆదివారం ప్రసంగంలో ఆయన ఓ మాట చెప్పాడు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

సరే, వీడ్కోలు అయింది. ప్రసంగాలు, పెళ్ళిళ్ళు, సమాధి కార్యక్రమాలు, కమిటీ మీటింగులు, బీరువా తాళాలు అన్నీ కొత్తగా వచ్చిన పాస్టరు చేతికి వెళ్ళాయి. ఆయన చిన్నయ్యగారు, ఈయన పెద్దయ్యగారు. పెద్దయ్యగార్ని బొత్తిగా ఖాళీగా కూర్చోబెడితే బాగుండదని, మంచాన పడ్డవాళ్ళనీ, గుడి దాకా రాలేనివాళ్ళనీ ఇళ్ళకి వెళ్ళి పలకరించే పని ఆయనకి ఉంచారు. వారానికి మూడు పూటలు. "తేలికపాటి బాధ్యత అమ్మగారూ, సరదాగా అలా వెళ్ళి ఇలా వచ్చేస్తారు" అని కమిటీ ఛైర్మను ఆవిడకి నచ్చజెప్పాడు.

నెల తిరక్కుండా మూడు పూటలు ఆరు రోజులయ్యాయి. కమిటీ అడిగి కాదు, ఆయనే ఆఫీసుకి ఫోన్ చేసి ఇంకెవరైనా ఉన్నారా, ఇంకెవరైనా ఉన్నారా అని వేధించుకు తిని కాలికి బలపం కట్టుకున్నట్టు తిరగడం మొదలుపెట్టాడు. అమ్మగారికి మొదట్లో అర్థం కాలేదు గానీ, తర్వాత బాగానే అర్థమైంది. ఇంట్లో కూర్చుంటే ఆయన ఉత్త మొగుడు. బల్బు మార్చాలి, కుళాయి కారుతోందంటే చూడాలి. ఎవరి మంచం పక్కనో కూర్చుంటే పెద్దయ్యగారు. అక్కడ ఆయన నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్ళు కళ్ళు మూసుకుని చేతులు జోడిస్తారు. ఈవిడ ఏనాడూ ఆయన మాటలకి కళ్ళు మూసుకోలేదు. స్టవ్ మీద పాలుండేవి మరి.

వాలుకుర్చీ ముందుగదిలో ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉండిపోయింది.

ఈ పలకరింపులకి ఒక పద్ధతి ఉంది. ఊరంతా తన ఒక్కడి నెత్తినే ఉన్న రోజుల్లో ఆయనే పెట్టిన పద్ధతి అది. అయ్యగారు రావాలంటే ఆఫీసుకి ఫోన్ చేయాలి, చేయనివాళ్ళింటికి వెళ్ళరు. గుమాస్తా జబ్బేమిటి, ఎన్నాళ్ళనుంచి, ఇంట్లో ఎవరుంటారు అని అడిగి ఫలానా రోజు, ఫలానా టైము అని చెప్తాడు. ఇంటికి పావుగంట. అయ్యగారు వచ్చి వెళ్ళాక మళ్ళీ గుమాస్తాయే ఫోన్ చేసి, ఊరట కలిగిందా అని అడుగుతాడు. ఈ గుమాస్తా ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని అవే ప్రశ్నలు అడుగుతున్నాడు. అతన్ని సంఘంలో అందరూ టైమ్‌టేబుల్ అంటారు. ఎదురుగా పిలిచినా పలుకుతాడు.

ఇంతలో ఎడమకంటికీ అదే జబ్బు వచ్చింది. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనపడటం మొదలైన రోజే అమ్మగారికి సంగతి తెలిసిపోయింది. ఒక్కతే వెళ్ళి చూపించుకుంది. డాక్టరమ్మ ఈసారి మెత్తగా చెప్పలేదు. "గురువారం పొద్దున్నే చేసేద్దాం. చూపు నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు. కట్టు విప్పేటప్పుడు మీవాళ్ళెవరైనా పక్కనుండాలి. మీవారిని తీసుకురండి."

చూపు పోతుందన్న భయం ఎలాగూ ఉంది. దానికన్నా, పోయిందన్న కబురు పరాయి ఆసుపత్రిలో, పరాయి మనిషి నోటి నుంచి, ఒక్కతే కూర్చుని వినాల్సి వస్తుందేమోనన్న భయం ఆవిణ్ణి ఎక్కువ పట్టుకుంది. ఆయన పక్కన ఉండాలి. ఆయన చెయ్యి పట్టుకుని ఉంటే ఏ కబురైనా వినగలదు. ఇన్నేళ్ళ కాపురానికి ఆవిడ కోరిందల్లా ఆ ఒక్క పొద్దు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. "గురువారం కంటికి ఆపరేషను. మీరు రావాలి."

"దానికేం, వెళ్దాం" అన్నాడు ఆయన. అంతలో ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, "పాపం, టైలరు వాళ్ళావిడకి మళ్ళీ ఆయాసం" అంటూ ఆవిడ గురించి చెప్పుకుపోయాడు. మర్నాడు చెప్తే, "ఏ గురువారం?" అన్నాడు. ఆ మర్నాడు చెప్పబోతే పళ్ళెం ముందే కునికిపాట్లు పడుతున్నాడు. గోడకి చెప్పుకున్నా నయం, అది కునకదు. చేతులు కడుక్కుని వచ్చి ఆవిడే కంట్లో చుక్కలు వేసుకుంది. రెండు చుక్కలు చెంప మీద పడ్డాయి, మూడోది కంట్లో పడింది.

సోమవారం ఆయన అటు వెళ్ళగానే అమ్మగారు ఆఫీసుకి ఫోన్ చేసింది.

"అయ్యగారు ఇప్పుడే మిషను వీధి ఇంటికి బయల్దేరారమ్మగారూ" అన్నాడు టైమ్‌టేబుల్, అడక్కుండానే.

"ఆయన కోసం కాదు. పరామర్శకి టైము కావాలి."

"ఎవరింటికండీ?"

"మా ఇంటికి."

"మీ ఇంటికా? అంటే, అయ్యగారి ఇంటికి అయ్యగారా?"

"ఫోన్ చేసి అడిగినవాళ్ళింటికే వస్తారటగా. అడుగుతున్నాను. నువ్వు అడగాల్సినవి నువ్వు అడుగు."

ఇరవై ఏళ్ళ అలవాటు గొప్పది. అతని గొంతు దానంతటది దారిలో పడింది. "జబ్బేమిటండీ?"

"కన్ను."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఒకటి పోయి నాలుగేళ్ళు. రెండోది పోవడానికి సిద్ధంగా ఉంది."

"ఇంట్లో ఎవరుంటారు?"

ఆవిడ ముందుగదిలోకి చూసింది. కవరు తీయని వాలుకుర్చీ కనపడింది. "ఎవరూ ఉండరు" అంది.

టైమ్‌టేబుల్ మంగళవారం సాయంత్రం ఆఖరి టైము ఇచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం నుంచీ అమ్మగారికి కాలు నిలవలేదు. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. మంచం పక్కన కుర్చీ వేసి, చిన్న బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టి మూత పెట్టింది. జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళలో అయ్యగారి కోసం ఇలాగే అన్నీ సిద్ధం చేస్తారని ఆయనే చెప్పేవాడు. నవ్వొచ్చింది, కొంచెం సిగ్గేసింది. అన్నిటికీ మించి ఆశ పుట్టింది. ఊళ్ళో ఎంతమంది చెప్పగా వింది తను. అయ్యగారు వచ్చి కూర్చుంటే కొండంత అండ అమ్మగారూ, సగం రోగం అక్కడే పోతుంది, మీరు అదృష్టవంతులు, రోజూ ఆయన పక్కనే ఉంటారు. ఆ మాటలు విన్నప్పుడల్లా ఆవిడకి వాళ్ళ మీద ఈర్ష్య పుట్టేది. తనకి దక్కనిదేదో ఆ మంచాల పక్కన ఉందనీ, తనకి రావలసిందంతా అక్కడ పంచిపెట్టి ఖాళీ చేతులతో ఇంటికొస్తున్నాడనీ అనుకునేది. ఇవాళ దాన్ని తనూ చూస్తుంది.

ఆయన చెప్పులు విప్పుకుంటూనే మొదలుపెట్టాడు. "మన టైమ్‌టేబుల్‌కి మతి పోయిందోయ్. ఆఖరిది ఎవరిల్లయ్యా అంటే మీ ఇల్లే అంటాడు. పోనీలే, ఓ పావుగంట నడుం వాల్చుదామని వచ్చేశాను."

"ఇటు రండి" అని లోపలిగదిలోంచి పిలిచింది. "పేషెంటు ఇక్కడుంది."

ఆయన గుమ్మంలో నిలబడి మంచాన్నీ, దుప్పటినీ, మూత పెట్టిన గ్లాసునీ చూశాడు. "ఏమిటీ వేషాలు?"

"వేషాలేం కావు. మూడు రోజులు భోజనాల దగ్గర చెప్తే మీ చెవికెక్కలేదు. అందుకని ఆఫీసులో చెప్పాను."

ఆయన మొహం చిన్నబోయింది. నిజంగానే చిన్నబోయింది, ఆవిడ చూసింది. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈ మాత్రానికే ఇన్నేళ్ళు ఎందుకు ఆగానా అనుకుంది అమ్మగారు.

అప్పుడు ఆయన ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తల ఓ పక్కకి వాల్చాడు. గొంతు మెత్తబడింది. ఊరంతా చెప్పుకునే గొంతు అదే. ఈవిడ దాన్ని ఎప్పుడూ తలుపు చాటునుంచే వింది.

"చెప్పమ్మా" అన్నాడు. "ఎన్నాళ్ళనుంచి బాధ?"

ఆటపట్టిస్తున్నాడేమోనని మొహంలోకి చూసింది. ఆటేం కాదు. మంచం పక్కన కుర్చీలో కూర్చుంటే ఆయనకి ఇంకోలా కూర్చోవడం రాదు, అంతే.

పోనీ అలాగైనా వింటాడని చెప్పింది. మొదటి నుంచీ చెప్పింది. ఆయన సరిగ్గా ఎక్కడ ఊఁ కొట్టాలో అక్కడ ఊఁ కొట్టాడు, ఎక్కడ అయ్యో అనాలో అక్కడ అయ్యో అన్నాడు. కుడికన్ను దాకా వచ్చేసరికి నిట్టూర్చి, "కొన్ని ఎందుకు జరుగుతాయో మనకి అర్థం కాదమ్మా" అన్నాడు.

"నాకు అర్థమైంది. మీరు కారు వెనక్కి తిప్పారు కాబట్టి జరిగింది."

జబ్బులో ఉన్నవాళ్ళు కోపంగా మాట్లాడితే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. ఆవిడ చెయ్యి అందుకుని మెల్లగా తట్టాడు.

చెయ్యి లాక్కోకుండానే అడిగింది. "గురువారం వస్తారా?"

అప్పుడు మాత్రం ఆ మెత్తని గొంతు జారిపోయి, ఇంట్లో గొంతు బయటికొచ్చింది. "గురువారమా? గురువారం ఎలా కుదురుతుందోయ్. మిల్లు ఓనరు పోయాడు కదా, సమాధి కార్యక్రమం ఆ రోజే. చిన్నయ్యగారు ఊళ్ళో లేరు. ప్రసంగం నన్నే చెప్పమన్నారు." చెప్తుంటేనే ఆయన కళ్ళు వెలిగాయి. "నేను వేదికెక్కి ఎన్ని నెలలైంది. ఊరంతా వస్తుంది. ఆపరేషను ఓ వారం వెనక్కి జరపమంటే జరపరా?"

"డాక్టరమ్మ జరుపుతుంది. నరం ఆగదు."

"అయితే సంఘంలో ఎవరినైనా తోడు పంపిస్తాను. బోలెడుమంది ఉన్నారు. అయినా దేవుడి తోడు ఉండగా..."

"దేవుడి సంగతి నేనూ దేవుడూ చూసుకుంటాం. నేను అడిగింది మిమ్మల్ని."

జవాబు లేనప్పుడు ఏం చెయ్యాలో కూడా ఆయనకి తెలుసు. "ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఆవిడా మూసుకుంది.

మంచి ప్రార్థనే చేశాడు. అబద్ధం చెప్పకూడదు. ఈ నీ కుమార్తెను నీ చేతుల్లో పెడుతున్నాను అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. ఆ వణుకుకి ఆవిడకీ కన్ను చెమ్మగిల్లింది, తుడుచుకుందామని తెరిచింది. తెరిచేసరికి ఆయన ఎడమ మణికట్టు మెల్లగా ఇటు తిరుగుతోంది. ప్రార్థన ఎక్కడా తెగలేదు, వణుకు కూడా ఆగలేదు. రెప్పల సందులోంచి మాత్రం గడియారం చూసుకుంటున్నాడు.

ఇంతకాలం ఇంతమంది ఇళ్ళలో ఇది ఎవరి కంటా పడలేదు. పడే వీల్లేదు, అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు కదా.

అమ్మగారు మళ్ళీ కన్ను మూసుకోలేదు. టైలరు వాళ్ళావిడ గుర్తొచ్చింది, మిషను వీధి ఇల్లు గుర్తొచ్చింది, తొంభై ఏళ్ళ ముసలావిడ గుర్తొచ్చింది. వాళ్ళందరి మీదా ఇన్నేళ్ళుగా పెంచుకున్న ఈర్ష్య ఏమైపోయిందో వెతుక్కున్నా దొరకలేదు. అది ఉంటేనే బాగుండేది. వాళ్ళకి పెట్టడానికే తనకి లేకుండా చేశాడనుకుంటే, అందులో కనీసం ఓ ఓదార్పు ఉండేది. తనకి దక్కకపోయినా ఎవరికో దక్కిందిలే అనుకోవడానికి ఉండేది.

పావుగంటకి సరిగ్గా ప్రార్థన ముగిసింది. ఆయన లేచి కుర్చీని గోడవారకి జరిపాడు. "ధైర్యంగా ఉండమ్మా. మళ్ళీ వస్తాను" అన్నాడు.

గది దాటి, ముందుగది దాటి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి వీధి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాక గానీ అది తన ఇల్లేనని ఆయనకి గుర్తు రాలేదు. అక్కడే కాసేపు నిలబడ్డాడు. చెప్పులు విప్పేశాడు. వెనక్కి లోపలిగదిలోకి మాత్రం రాలేదు. వాలుకుర్చీ కవరు చించుతున్న చప్పుడు వినిపించింది. కూర్చున్నాడు కాబోలు, కాసేపటికి గురువారం ప్రసంగం గొణుక్కోవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం నచ్చలేదో ఏమో, మార్చి మార్చి చెప్పుకుంటున్నాడు.

ఫోన్ మోగింది. అమ్మగారే లేచి వెళ్ళి తీసింది.

"అమ్మగారూ, నేనండి" అన్నాడు టైమ్‌టేబుల్. "అయ్యగారు వచ్చారాండి?"

"వచ్చారు."

"ఏమీ అనుకోకండి, అందరినీ అడిగేదే కదా, మిమ్మల్నీ అడగాలి. ఊరట కలిగిందాండి?"

ఆవిడ ముందుగది వైపు చూసింది. దీపం చుట్టూ రంగుల వలయం ఉంది. దాని కింద కుర్చీలో కాళ్ళు పైకి లేపుకుని ఓ ముసలాయన చేతులు తిప్పుతూ ఎవరికో ఏదో చెప్తున్నాడు.

"ఏమని రాసుకోమంటారమ్మగారూ?"

"వచ్చి వెళ్ళారని రాసుకో."

"అలాగేనండి. వచ్చే వారం కూడా మీకు అదే టైము ఉంచమంటారా?"

"వద్దు. ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. గురువారం పొద్దున్నే కంటి ఆసుపత్రికి నాకో కారు మాట్లాడిపెట్టు."

"ఎంతమంది వెళ్తారండీ?"

"ఒక్కదాన్నే" అంది అమ్మగారు.